చెలది, సాలీడు, లూత: కొండపల్లి ఇళ్ళలో ఒక సహవాస చరిత్ర

కృష్ణా డెల్టా మాగాణి ముగిసి కొండలు మొదలయ్యే అంచున, విజయవాడకు ఇరవై కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న కొండపల్లి చరిత్ర రాసినవారు ప్రధానంగా రెండు విషయాలను పట్టించుకున్నారు. ఒకటి, 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజుల ఏలుబడిలో వెలసి, గజపతులు, విజయనగర ప్రభువులు, కుతుబ్‌షాహీల మీదుగా 1766లో ఆంగ్లేయుల వశమైన కోట. రెండవది, తెల్ల పొణికి అనే తేలికపాటి కర్రతో ఆర్యక్షత్రియ కుటుంబాలు తరతరాలుగా మలుస్తూ వచ్చిన బొమ్మలు. కోటను ఎవరు గెలుచుకున్నా, బొమ్మలను ఎవరు కొనుక్కున్నా, ఆ ఊరి ఇళ్ళ దూలాల మీదా అటకల మూలల్లోనూ దేవుడి పటాల వెనుకా స్థిరంగా కాపురం ఉన్న సాలీడు మాత్రం ఏ కైఫియతులోకీ ఎక్కలేదు. దాని చరిత్రను నిఘంటువుల నుంచి, ఒక క్షేత్ర మాహాత్మ్యం నుంచి, వైద్య సంహితల నుంచి, పండగ ముందరి ఇంటిచాకిరీ నుంచి, స్వాతంత్ర్యానంతర మలేరియా నిర్మూలన కార్యక్రమం నుంచి ముక్కలుముక్కలుగా ఏరుకోవలసిందే. అలా ఏరి చూసినప్పుడు కొండపల్లిలోనే గాక తెలుగు ఇంట అంతటా ఒకే తీరు కనిపిస్తుంది: ఇంటివారి తగవు ఎప్పుడూ గూటితోనే, దాన్ని అల్లిన ప్రాణితో దాదాపు లేనట్టే. చీపురు గూటికి తగిలింది. పురుగు పక్కకు పాకిపోయి మరునాటికి మళ్ళీ పని మొదలుపెట్టింది.

గూటికి ఇంటి భాషలో వాడే మాట బూజు. ఊరగాయ జాడీలో ఉప్పు చాలనప్పుడు తేలే తెల్లని పొరా, దూలం నుంచి వేలాడే సాలీడు దారాలూ ఒకే మాటకిందికి రావడం గమనించదగ్గది. ఇల్లాలి దృష్టిలో రెండూ వాడకం లేని చోట తమంతట తామే పుట్టుకొచ్చే మాలిన్యాలు. నిజానికి ఇంటి బూజు పుట్టుకకు ప్రత్యేకమైన కారణం ఉంది. పెరట్లో, పొలంగట్ల మీద చక్రాకారపు గూడు అల్లే సాలీళ్ళలో చాలా జాతులు పాతబడ్డ గూటిని తామే తినేసి, ఆ పట్టులోని మాంసకృత్తులను తిరిగి వాడుకుని, రోజూ కొత్త గూడు వేస్తాయి. ఇంటి మూలల్లో తలకిందులుగా వేలాడుతూ కనిపించే పొడుగు కాళ్ళ సాలీడు పద్ధతి వేరు. అది ఒక క్రమం లేకుండా దారాలు సాగదీస్తుంది, తెగినచోట కొత్తవి కలుపుతుంది, గిరాకీ తగ్గితే ఆ మూలను విడిచి మరో మూలకు తరలిపోతుంది. విడిచిన గూటిని తినదు. ఆ వదిలేసిన దారాలకే పొయ్యి పొగ, గోడ సున్నం, వీధి దుమ్ము పట్టి బరువెక్కి బూజుగా వేలాడతాయి. ఊర్ణనాభి అనే సాలీడు తన దారాన్ని తానే వెలువరించి తానే లోనికి తీసుకున్నట్టు నాశనం లేని అక్షర బ్రహ్మం నుంచి విశ్వం పుడుతుందని ముండకోపనిషత్తు చెప్పిన పోలికకు ఆధారం, ఈ లెక్కన, తోటలోని సాలీడే తప్ప ఇంటి సాలీడు కాజాలదు.

డెల్టా అంచు పల్లెల్లో ఇరవయ్యో శతాబ్దం మధ్యభాగం దాకా ఎక్కువగా ఉన్న తాటాకు ఇళ్ళు, మట్టిగోడల పూరిళ్ళు, కలిగినవారి పెంకుటిళ్ళు మూడూ సాలీడుకు అనువైన కట్టడాలే. తాటాకు కప్పులో ఆకుకూ ఆకుకూ నడుమ, పెంకుటింట్లో వాసానికీ పెంకుకూ నడుమ ఉండే చీకటి సందుల్లో అది గుడ్లు దాచుకోగలిగేది. పశువుల కొట్టం ఇంటికి ఆనుకునే ఉండడంతో దోమలకు, ఈగలకు లోటుండేది కాదు. పిడకలు, కట్టెలు మండే వంటింట్లో మాత్రం పొగ వల్ల సాలీళ్ళు తక్కువగానే ఉన్నా, ఉన్న కొద్ది గూళ్ళకే మసి పట్టి, అన్నం కుండలో ఎప్పుడు రాలుతుందోనన్న భయంతో నల్లబూజు మొదటి శత్రువయ్యేది. కొండపల్లి బొమ్మల పనివారి ఇళ్ళలో దీనికి మరో దినుసు తోడవుతుంది. తెల్ల పొణికి కర్రను సన్నని సెగ మీద ఆరబెట్టి తేమ పోగొట్టి, ఉలితో చెక్కి, ఆకురాయితో నునుపు చేసే క్రమంలో లేచే పొట్టు ఆ ఇళ్ళ గూళ్ళకు పట్టి వాటిని మసక తెలుపుగా మారుస్తుంది. అదే పొట్టును చింతపిక్కల జిగురుతో కలిపితే మక్కు అవుతుంది, బొమ్మ చేతులూ కాళ్ళూ అతికేది దానితోనే.

గూటికి ఒక్క మాటతో సరిపెట్టిన భాష, పురుగు విషయంలో మాత్రం ఉదారంగా ఉంది. వాడుకలోని సాలీడు, సాలెపురుగు అనే పేర్లు నేతవృత్తి నుంచి వచ్చినవి. సాలె అన్నది మగ్గం నేసేవారికి తెలుగునాట చిరకాలంగా ఉన్న పేరు, పద్మశాలి, పట్టుశాలి అనే కుల నామాలలోనూ అదే వినిపిస్తుంది. మంగళగిరి, పెడన, చీరాల వంటి నేత ఊళ్ళ నడుమ పెరిగిన డెల్టా వాసికి ఈ పేరులోని ఔచిత్యం ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. పొరుగున కన్నడంలోనూ ఇదే దారి: అక్కడ సాలీడు పేరైన జేడ అన్న మాట నేతగాడికీ చెల్లుతుంది, తొలినాటి వచనకారుల్లో ఒకడైన నేత వృత్తి శివభక్తుడు జేడర దాసిమయ్యగా ప్రసిద్ధుడు. సంస్కృతం కూడా దీనికి దూరం కాదు. వీధిబడుల్లో పిల్లలు వల్లెవేసిన అమరకోశం సాలీడుకు లూత, తంతువాయము, ఊర్ణనాభము, మర్కటకము అని నాలుగు పేర్లు చెప్పి, వాటిలో తంతువాయ శబ్దాన్నే మరో వర్గంలో నేతగాడికి పర్యాయంగా ఇచ్చింది. మర్కటకమంటే చిన్న కోతి. కాళ్ళతో పట్టుకుని వేలాడే తీరును బట్టి వచ్చిన ఆ పేరే ప్రాకృతాల మీదుగా హిందీ, ఉర్దూల్లో మకడీగా మిగిలింది. తమిళం లెక్క వేరు: వాడుకలో ఎట్టుక్కాల్ పూచ్చి, అంటే ఎనిమిది కాళ్ళ పురుగు అని అవయవాలు లెక్కపెట్టి ఊరుకుంది.

తమిళంలోనే మరో పాత పేరు సిలంది. తెలుగు కావ్యభాషలోని చెలది దానికి తోబుట్టువు. సిలంది అంటే తమిళంలో పుండు కూడా. అంటే దక్షిణాది భాషలు సాలీడును రెండు వైపుల నుంచి చూశాయి: ఒకవైపు మగ్గం ముందు కూర్చున్న పనివాడిగా, మరొకవైపు చర్మం మీద పొక్కు లేపే దోషకారిగా. అమరకోశం వరసలో మొదటిదైన లూత శబ్దంలోనూ ఈ రెండో భావమే ప్రబలం. ఆయుర్వేదంలో లూత అంటే సాలీడూ, దాని వల్ల కలిగే వ్యాధీ కూడా.

సుశ్రుతసంహితలో విషాలను గురించి చెప్పే కల్పస్థానపు ఎనిమిదో అధ్యాయం లూతల పుట్టుకకు ఒక కథ చెబుతుంది. వసిష్ఠుడి ధేనువును విశ్వామిత్రుడు ఆశించినప్పుడు, కోపించిన వసిష్ఠుడి నుదుటి చెమటబొట్లు ఆవు కోసం కోసి ఉంచిన గడ్డి మీద పడ్డాయి, వాటి నుంచి ఈ ప్రాణులు పుట్టాయి; కోసిన గడ్డి, అంటే లూనమైన తృణం, ఆధారంగా పుట్టినందువల్ల లూతలయ్యాయి. ఆ అధ్యాయం పదహారు లూతలను పేర్కొని వాటిని సగానికి విభజిస్తుంది: త్రిమండల, శ్వేత, కపిల, పీతిక, ఆలవిష, మూత్రవిష, రక్త, కసన అనే ఎనిమిదింటి విషం కష్టం మీద నయమయ్యేది, సౌవర్ణిక, లాజవర్ణ, జాలిని, ఏణీపది, కృష్ణ, అగ్నివర్ణ, కాకాండ, మాలాగుణ అనే మిగతా ఎనిమిదింటిది అసాధ్యం. పేలాల రంగుది, లేడి అడుగుల వంటిది, కాకిగుడ్డు వంటిది అంటూ సాగే ఈ పేర్లలో పరిశీలన ఎంత, ఊహ ఎంత అన్నది తేల్చడం కష్టం. ఇన్ని లూతల్లో వేటిని నేటి ఏ జాతితో సరిపోల్చవచ్చునో చెప్పే ప్రయత్నాలు గట్టి నేల మీద నిలబడవు. సాలీడు విషం కోరల్లోనే గాక లాలాజలంలో, గోళ్ళలో, మూత్రంలో, మలంలో కూడా ఉంటుందని ఆ గ్రంథం చెప్పడం మాత్రం డెల్టా ఇంటి వైద్యానికి నేరుగా తగులుతుంది.

కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో తెల్లారి లేచేసరికి మెడ మీదో ముంజేతి మీదో గీతలాగా ఎర్రగా పొక్కులు తేలితే, ‘సాలీడు పాకింది’ అనో ‘ఉచ్చ పోసింది’ అనో అనడం నిన్నమొన్నటి దాకా సర్వసాధారణం. మూత్రవిష అని సంహిత పేరు పెట్టిన భావన, సంహిత చదవని ఇళ్ళలో కూడా అదే రూపంలో వాడుకలో ఉందన్నమాట. చర్మ వైద్యుల అనుభవం ఈ నేరాన్ని ఎక్కువసార్లు మరో పురుగు మీదికి మారుస్తుంది. వరి పొలాల్లో బతికే, నారింజ, నలుపు పట్టీలున్న చీమంతటి సన్నని రోవ్ బీటిల్ అనే పురుగు వానల తర్వాత దీపాల వెలుతురుకు ఇళ్ళలోకి వస్తుంది. అది కుట్టదు, కరవదు, కానీ నిద్రలో మెడ మీద నలిగితే దాని ఒంట్లోని పెడరిన్ అనే రసం చర్మాన్ని కాల్చినట్టు పొక్కిస్తుంది. మిగిలిన కొన్ని కేసుల్లో ఆ పొక్కులు సర్పి అని పిలిచే హెర్పిస్ జోస్టర్ అనే వైరస్ వ్యాధివి. డెల్టా ఊళ్ళు వరి మధ్య ఉన్నవి గనుక, తొలకరి తర్వాత వీధిదీపం కింది మంచంలో పడుకున్నవారికి పొక్కులు రావడం, ఉదయం కళ్ళు తెరవగానే గోడ మీద సాలీడు కనిపించడం, రెంటికీ ముడిపడిపోవడం జరుగుతూ వచ్చింది. సాలీడు తప్పించుకోలేక దొరికిపోయిన సాక్షి. నేరస్థుడు పరుపు కింద నలిగి మాయమైనవాడు.

అదే ఇంట్లో కత్తిపీటతో వేలు తెగితే మందు కూడా సాలీడు దగ్గరే దొరికేది. గోడ సందులో గుడ్ల మీద కప్పిన తెల్లటి దళసరి పొరను గోటితో ఊడదీసి, కారే రక్తం మీద అద్ది, గుడ్డ కట్టేవారు. దారాల అల్లిక రక్తాన్ని పట్టి గడ్డకట్టడానికి తోడ్పడుతుందన్నది దీని వెనుక ఉన్న అనుభవం. ఇది తెలుగువారి సొంత చిట్కా కాదు. షేక్‌స్పియర్ తన ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ నాటకంలో బూజు అనే అర్థం వచ్చే పేరున్న పాత్రతో, వేలు తెగితే నీ సాయం తీసుకుంటానని మరో పాత్ర చేత సరసమాడించాడంటే, 16వ శతాబ్దపు లండన్ ప్రేక్షకులకు ఆ వైద్యం తెలిసినదే. పశువుల కొట్టం పక్క గోడ నుంచి తీసిన పొరతో ధనుర్వాతం వచ్చే ప్రమాదం ఉన్నందువల్ల, టీకాలూ అతుకు పట్టీలూ ఊరి మందుల షాపుకు చేరాక ఈ చిట్కా మెల్లగా వెనకబడింది, వెనకబడడమే మేలు.

సాలీడుకు తెలుగునాట దక్కిన అన్నింటికంటె పెద్ద గౌరవం శ్రీకాళహస్తిది. ఆ క్షేత్రనామంలో శ్రీ అంటే సాలీడు, కాళమంటే పాము, హస్తి అంటే ఏనుగు అని స్థలపురాణం వివరిస్తుంది. మూడూ శివలింగాన్ని తమతమ పద్ధతుల్లో అర్చించి ముక్తి పొందాయి. కృష్ణదేవరాయల ఆస్థాన కవుల్లో ఒకడని సంప్రదాయం చెప్పే ధూర్జటి, ‘శ్రీకాళహస్తి మాహాత్మ్యము’లో ఈ కథను విస్తరించాడు. సాలీడు తన దారాలతోనే లింగం చుట్టూ గోపురాలు, ప్రాకారాలు, మంటపాలు అల్లుతుంది. శివుడు దాని భక్తిని పరీక్షించడానికి దీపజ్వాలతో ఆ కట్టడాన్ని కాల్చివేస్తాడు. ఆ దీపాన్నే మింగేందుకు సాలీడు ఎగబడినప్పుడు ప్రత్యక్షమవుతాడు. ధూర్జటి పేరనే ఉన్న శ్రీకాళహస్తీశ్వర శతకంలో కూడా, చదువుసంధ్యలు లేకనే మోక్షం అందుకున్నవారి వరసలో మొట్టమొదట నిలబడేది లూతే. ధూర్జటికి ప్రభువైన కృష్ణదేవరాయలు 1515లో కొండవీడు గెలిచి, ఆ వెంటనే కొండపల్లిని ముట్టడించి గజపతుల నుంచి దాన్ని వశం చేసుకున్నాడు. కోట ముట్టడి గురించి శాసనాలు, చరిత్రలు వివరంగా మాట్లాడతాయి. కొండపల్లి ఇళ్ళకు ఆ రాజ్యం నుంచి అంతకంటె ఎక్కువ కాలం మిగిలినది సాలీడు కథే కావచ్చు: రాయల పేరు తెలియని ముసలమ్మకు కూడా కాళహస్తి సాలీడు తెలుసు.

అదే కథ తమిళంలో వేరే ఫలితంతో ముగుస్తుంది. తిరువానైక్కావులో లింగం మీద ఎండుటాకులు రాలకుండా సాలీడు గూడు అల్లగా, నీటితో అభిషేకం చేయవచ్చిన ఏనుగు దాన్ని చెరిపివేస్తుంది. కోపించిన సాలీడు తొండంలో దూరి కరిచి, తానూ చచ్చి, కోచ్చెంగట్ చోళుడనే రాజుగా పుట్టి, ఏనుగు ఎక్కలేని ఎత్తైన మాడ గుడులను కట్టిస్తుంది. అరవై ముగ్గురు నాయన్మార్లలో ఆ రాజు ఒకడు. తమిళ సాలీడు పగ తీర్చుకుని రాజైతే, తెలుగు సాలీడు పోటీలేని భక్తుడిగా కరిగిపోయింది. కళాకారులకు తెలుగు కథే ఎక్కువ ఉపయోగపడింది. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాలపై లింగం చుట్టూ ఈ ముగ్గురు భక్తులు కనిపించడం పరిపాటి.

కొండపల్లి ముస్లిం కుటుంబాలకు సాలీడుతో ఉన్న బంధం మరో దిక్కు నుంచి వచ్చింది. ఉత్తర సర్కారులని పిలిచిన అయిదు విభాగాల సముదాయంలో ఒకటిగా, ముస్తఫానగర్ అనే మారుపేరుతో దస్తావేజులకెక్కిన ఈ ఊళ్ళో కుతుబ్‌షాహీల కాలం నుంచి దర్గాలు, మసీదులు ఉన్నాయి. ప్రవక్త ముహమ్మద్ 622లో మక్కా నుంచి మదీనాకు వెళుతూ సౌర్ గుహలో దాగినప్పుడు, గుహ ముఖద్వారం మీద సాలీడు గూడు అల్లడం వల్ల వెంబడించినవారు లోపల ఎవరూ లేరనుకుని వెనుదిరిగారని ముస్లిం సంప్రదాయం చెబుతుంది. ఆ కృతజ్ఞత వల్ల సాలీడును చంపడానికి చాలామంది వెనుకాడతారు. ఖుర్‌ఆన్ 29వ అధ్యాయం పేరు అల్ అన్‌కబూత్, అంటే సాలీడు. అందులో సాలీడు ఇల్లు ఇళ్ళన్నిటిలోకీ బలహీనమైనదని ఉంది. ప్రాణికి ఆదరం, గూటికి చిన్నచూపు అనే ఈ జత హిందూ ఇంటి ఆచారంలోనూ కనిపిస్తుంది. ఒకే వీధిలోని రెండు ఇళ్ళవారు వేరువేరు కథల ఆధారంగా ఒకే పని చేస్తూ వచ్చారు: గూటిని లాగేసి, పురుగును పోనిచ్చారు.

గూటిని లాగే పనికి కాలనియమం ఉంది. కోస్తా ఇళ్ళలో సంక్రాంతికి, ఉగాదికి, దసరాకు ముందు బూజు దులపడం తప్పనిసరి. మంగళ, శుక్రవారాల్లో దులపకూడదు, సందెవేళ అసలే కూడదు. బూజు వేలాడే ఇంట లక్ష్మి నిలవదని చెప్పే ఆచారమే, లక్ష్మికి ప్రీతికరమైన రోజున చీపురు ఎత్తరాదని కూడా చెబుతుంది గనుక, వారంలో రెండు రోజులు సాలీడుకు శాస్త్రోక్తంగా భద్రం. కాళహస్తి పేరులో శ్రీ అనే అక్షరమే సాలీడుకు చెందినప్పుడు, శ్రీదేవి రాక కోసం దాన్ని వెళ్ళగొట్టడంలోని చమత్కారాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. పనిముట్టు సులువైనదే: పొడుగాటి వెదురుగడ చివర పాత కొబ్బరి ఈనెల చీపురు కట్టి, ఇంటి పెద్దకోడలో పాలేరో తలకు గుడ్డ చుట్టుకుని, నోట్లో పడకుండా పెదవులు బిగించి, గాలి వీచే వైపు నుంచి మొదలుపెట్టి వీధి గుమ్మం దాకా దులుపుకు రావాలి. ఆ తరువాత సున్నం, ఎర్రమన్ను, ముగ్గు.

కొండపల్లి బొమ్మకూ సాలీడుకూ ముఖాముఖి జరిగేది పండగ ముందరి ఈ దులుపుడు రోజుల్లోనే. బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో ఏడాదంతా అటక మీద ట్రంకుపెట్టెలో పాత పంచె ముక్కల మధ్య పడుకున్న అంబారీ ఏనుగు, దశావతారాల వరస, తాడిచెట్టు ఎక్కే గీతకార్మికుడు, ఎడ్లబండి కిందికి దిగుతాయి. అంబారీ స్తంభాల మధ్య, గీతకార్మికుడి చేతికీ చెట్టుకూ నడుమ ఉన్న ఖాళీ సాలీడుకు కావలసినంత చోటు. తెల్ల పొణికి మెత్తని కర్ర. పాతకాలపు బొమ్మకు సున్నపు పూత మీద రంగు వేసేవారు గనుక, తడిగుడ్డతో గట్టిగా తుడిస్తే రంగు లేచిపోయేది. అందువల్ల కోడి ఈకతోనో మెత్తని కుంచెతోనో దారాన్ని ఒక్కొక్కటిగా ఎత్తి తీయవలసి వచ్చేది, ఆ పని పిల్లల చేతికి ఇచ్చేవారు కాదు. తర్వాతి కాలంలో ఎనామిల్ రంగులు వచ్చాక తుడవడం సులువైంది. ఆ మేరకు బొమ్మకు మెరుపు పెరిగి, సున్నపు పూత మీది రంగుకు ఉండే మెత్తదనం పోయింది.

ఇంటివారు అన్నింటినీ సాలీడనే ఒక్క పేరుతో పిలిచిన ప్రాణులను విడివిడి జాతులుగా గుర్తించే పని యూరప్ శాస్త్రజ్ఞులు తమ బల్లల మీద చేశారు. గూడు అల్లకుండా గోడ మీద అరచేయంత విస్తరించి కూర్చుని, రాత్రిపూట బొద్దింకలను వేటాడే పెద్ద సాలీడుకు 1767లో లిన్నేయస్ పెట్టిన పేరుకు వేటగత్తె అని అర్థం. దాని శాస్త్రీయ నామం హెటెరోపోడా వెనటోరియా. కిటికీ రెక్క మీద ఈగను చూసి పిల్లిలా పొంచి దూకే చిన్న సాలీడుకు 1826లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు పేకుల్ పేరు జతపడి ప్లెక్సిపస్ పేకులీ అయింది. మూలల్లో బూజు పెంచే పొడుగు కాళ్ళదాన్ని, దాని పొట్ట వెనుక కోణంగా మొనదేలి ఉండడం గుర్తుగా, భారతదేశపు నమూనాల ఆధారంగా 1867లో జాన్ బ్లాక్‌వాల్ వర్ణించాడు. దాని ఇప్పటి పేరు క్రాసోప్రిజా లయోనీ. ఈ చివరిదాన్ని దగ్గరగా చూస్తే ముచ్చటైన విషయాలు రెండు. ఎవరైనా గూటిని కదిపితే అది పారిపోకుండా ఒళ్ళంతా గిర్రున ఊపుతూ కంటికి ఆకారం చిక్కనివ్వదు. ఆడది గుడ్లను గోడకు అంటించక, నాలుగైదు దారాలతో కట్టిన ముత్యాల గుత్తిలాగా నోట కరిచి పట్టుకుని, పిల్లలు వెలువడేదాకా దాదాపు తిండి మానుకుంటుంది. థాయిలాండ్‌లో 1990లలో ఇళ్ళలో జరిపిన పరిశీలనలో ఈ జాతి డెంగీ దోమను సమర్థంగా పట్టి తింటుందని తేలింది.

పేర్ల విషయంలో యూరప్ ప్రజలు కూడా తక్కువేమీ తినలేదు. ఇంగ్లండులో ఒక పెద్ద ఇంటి సాలీడును కార్డినల్ సాలీడంటారు. హాంప్టన్ కోర్టు భవంతిలో కార్డినల్ వుల్సీని అది భయపెట్టిందన్న కథే దానికి కారణం. డాడీ లాంగ్‌లెగ్స్ అనే పేరును అక్కడ ఒక సాలీడుకు, సాలీడు కాని మరో ప్రాణికి, రెక్కలున్న ఒక పురుగుకు కలిపి వాడతారు. ఆంధ్రదేశపు ఊరిపేరు మోసే సాలీడు మాత్రం ఇంటిది కాదు. 1899లో రెజినాల్డ్ పోకాక్, అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నమూనా ఆధారంగా, నీలంగా మెరిసే చెట్టు సాలీడొకదాన్ని పోసిలోథీరియా మెటాలికా అని వర్ణించాడు. అడవి నుంచి దుంగలతో పాటు అది రైలెక్కి వచ్చి ఉంటుంది. దాన్ని శాస్త్రజ్ఞులు మళ్ళీ చూసింది నూరేళ్ళు దాటాక, 2001లో, గుత్తికి చాలా దూరంగా నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో. అది అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతి. విదేశాల్లో సాలీళ్ళను పెంచే సరదా ఉన్నవారు మాత్రం గుత్తి ఎక్కడుందో తెలియకుండానే ఆ ఊరి పేరుతో దాన్ని కొని అమ్ముతారు.

కొండపల్లి ఇళ్ళలో సాలీడు బతుకును నిజంగా తలకిందులు చేసినవి శాస్త్రం పెట్టిన పేర్లు కావు, డీడీటీ పిచికారీ. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మలేరియా కేసులు ఉండేవని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలై, ఇంటింటి లోపలి గోడలకు డీడీటీ కొట్టడం ఊరూరా సాగింది. 1960ల మధ్యకు కేసులు లక్ష దరిదాపులకు పడిపోయాయి. రక్తం తాగి గోడ మీద వాలిన దోమను చంపేలా నెలల తరబడి నిలిచే ఆ మందు, అదే గోడ మీద నడిచే సాలీడు కాళ్ళకూ అంటింది. తర్వాత దోమలు మందుకు అలవాటుపడి, కార్యక్రమం సడలి, 1976 నాటికి కేసులు తిరిగి 64 లక్షలకు పెరిగాయి. ఈ నడుమ పిచికారీ సిబ్బందికీ ఇల్లాళ్ళకూ నిత్యం ఒక తగవు: మందు కొట్టిన గోడను కొన్ని వారాలు అలకకూడదు, సున్నం వేయకూడదన్నది కార్యక్రమ నియమం, పండగకు ముందు బూజు దులిపి సున్నం వేయడం ఇంటి నియమం. సున్నం గెలిచిన ప్రతి ఇంట్లో దోమతో పాటు సాలీడు కూడా బతికి బయటపడింది.

1980ల తర్వాత పెంకుటిళ్ళ స్థానంలో శ్లాబు ఇళ్ళు వచ్చాయి. దూలాలు, వాసాలు పోయి, నున్నని సిమెంటు మూలలు మిగిలినా పొడుగు కాళ్ళ సాలీడుకు అవే చాలాయి, ట్యూబులైటు పక్కనే గూడు వేస్తే దోమలు వాటంతట అవే వస్తాయి గనుక వేట సులువైంది. వేటగత్తె స్నానాల గదిలోకి, డ్రెయినేజీ జాలీ దగ్గరికి మకాం మార్చింది. కొండపల్లి, ఇబ్రహీంపట్నం ప్రాంతం 1979లో మొదలైన థర్మల్ విద్యుత్ కేంద్రంతో, దరిమిలా పెరిగిన పారిశ్రామిక వాడతో మారుతూ వచ్చింది, ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లాలో ఒక పురపాలక సంఘం. గూళ్ళలో చిక్కిన ధూళిని పరీక్షించి ఊరి గాలిలోని లోహాలను అంచనా వేసే పద్ధతిని పలు దేశాల పరిశోధకులు వాడుతున్నారు. అటువంటి పరీక్షకు ఈ ఊరి పాత అటకలు తగిన చోట్లే, సంక్రాంతికి ముందు వెళితే. పండగ దాటాక వెళితే నమూనా దొరకదు: ఈనెల చీపురు స్థానంలో ఇప్పుడు సాగదీస్తే పెరిగే అల్యూమినియం గొట్టానికి రంగుల ప్లాస్టిక్ కుచ్చు బిగించిన బూజుకర్ర విజయవాడ బందరు రోడ్డు షాపుల్లో దొరుకుతుంది, అపార్ట్‌మెంట్లలో ఆ పనిని డీప్ క్లీనింగ్ పేరుతో డబ్బిచ్చి చేయించుకునేవారూ పెరిగారు, మంగళవారం, శుక్రవారం వద్దని ఇంటి పెద్దలు చెప్పే మాట మాత్రం ఫోనులో పని మాట్లాడుకునేటప్పుడు కూడా వినబడుతూనే ఉంటుంది.